కివుందు వీధికి వచ్చిన మార్కులు

తక్కువ మార్కులు రావాలని మొక్కుకునే మనుషులు కూడా లోకంలో ఉంటారని బిరాబ్వాకి ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. మొక్కుకున్నది మరెవరో కాదు, తనే.

కంపాలాలో పేటపేటకీ మనుషుల్ని పంపి, అక్కడ కాలినడకన పోయేవాడి బతుకు ఎలా ఉందో కొలిపించాలని నగర కార్యాలయం వాళ్ళకి ఆ ఏడు బుద్ధి పుట్టింది. వీధిని నూరేసి అడుగుల ముక్కలుగా చూసుకోవాలి. ముక్కకో కాగితం. కాలిబాట ఉందా, ఉంటే ఎంత వెడల్పు, దాని మీద ఎవరైనా కొట్లు పెట్టారా, మురుగుకాలువకి మూత ఉందా, రోడ్డు దాటడానికి చోటుందా, నీడ ఉందా, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఎవరి సాయమూ లేకుండా పోగలరా. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి అయిదు దాకా మార్కులు. అన్నిటికన్నా తక్కువ మార్కులొచ్చిన మూడు వీధులకి కాలిబాట కట్టి, కాలువ మీద సిమెంటు పలకలు వేస్తారు. మిగతా వీధులవాళ్ళు మళ్ళీ కొలిచేదాకా మూడేళ్ళు నోరుమూసుకుని కూర్చోవాలి.

పని తేలికే అనుకుంటారు చూసేవాళ్ళు. రోజంతా ఎండలో కొలత చక్రం దొర్లించుకుంటూ తిరిగితే తెలుస్తుంది. ఆర్నెల్లలో బిరాబ్వాకి మూడు జతల చెప్పులు అరిగిపోయాయి. అద్దెకి మోటారుసైకిళ్ళు నడిపే బోడా బండ్లవాళ్ళ ఎగతాళి అదనం. "ఏం న్యాబో, రోడ్డుకి కొలతలు తీస్తున్నావు, గౌను కుట్టిస్తావా?" అనేవాళ్ళు. "కుట్టడానికి మా అక్క ఉందిలే, గుడ్డ నువ్వు తెచ్చియ్యి," అని ఆమె కూడా ఊరుకునేది కాదు.

అక్క నిజంగానే కుట్టుపని చేసేది. పేరు జవెద్దే. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుపడిపోయాయి. నలభై రెండేళ్ళ మనిషి. పెళ్ళిళ్ళకి కట్టుకునే గోమెసి గౌన్లు ఆమె కుడితే భుజాల కొసలు రోజంతా నిలబడే ఉండేవి. కివుందు వీధిలో ఒక గది ఇంట్లో ఉండేది. దుకాణం అదే వీధి చివర మార్కెట్లో. గట్టిగా అరిస్తే వినపడేంత దూరం. కానీ ఇంటికీ రోడ్డుకీ మధ్య కాలువ ఉంది. నిలువెత్తు మనిషి దిగితే ఛాతీ దాకా వస్తుంది. అందరూ దాన్ని గెంతి దాటేవాళ్ళు. జవెద్దే గెంతలేదు కదా!

అందుకని పొద్దున్నే స్టేజీ దగ్గర బోడా నడిపే లుబ్వామా వచ్చి ఆమెని భుజాన వేసుకుని కాలువ దాటించేవాడు. అతని తోడల్లుడు వెనకాలే కుర్చీ తెచ్చేవాడు. సాయంత్రం మళ్ళీ అదే తంతు. లుబ్వామా మంచివాడే, పైసా అడిగేవాడు కాదు. కానీ బేరం తగిలితే పోవాలిగా అతనైనా? ఒక్కోరోజు పదింటికి వచ్చేవాడు, వానలొస్తే అసలు వచ్చేవాడు కాదు. రెండేళ్ళ కిందట ఒకసారి కాలు జారి ఆమెని కాలువలో పడేశాడు కూడా. ఆ రోజు ఆమె మురుగు బట్టలతోనే దుకాణానికి వెళ్ళి, తలుపేసుకుని, ఎవరో కుట్టమని ఇచ్చిన గౌను కట్టుకుని కూర్చుంది.

"రోజుకి రెండుసార్లు పరాయి మగాడి భుజం ఎక్కాలే," అనేది చెల్లెలితో. "వాడి పెళ్ళాం కూడా ఇన్నిసార్లు ఎక్కి ఉండదు. నన్ను చూస్తే దానికి ఒళ్ళు మంట. పాపం, దాని తప్పేముంది?" అని నవ్వేది. కాసేపాగి, "ఒక్క పలక బిరాబ్వా. ఒక్క సిమెంటు పలక వేస్తే నా దారిన నేను పోతాను," అనేది. అప్పుడు నవ్వేది కాదు.

పైగా మార్కెట్ కమిటీ వాళ్ళు రెండుసార్లు హెచ్చరించారు. ఇష్టమొచ్చినప్పుడు తెరిచి, ఇష్టమొచ్చినప్పుడు మూసే దుకాణం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఇష్టమట, ఇష్టం!

కివుందు పేరు జాబితాలో కనబడగానే బిరాబ్వాకి కాళ్ళు నేలమీద ఆగలేదు. ఆ వీధికి ఎలా కొలిచినా సున్నాలే వస్తాయి. కాలిబాట లేదు, మూత లేదు, నీడ లేదు, రోడ్డు దాటాలంటే దేవుడి మీద భారం వెయ్యడమే. కొలవబోయేది తనూ, జోడీగా ముగెర్వా గారూ. ముగెర్వా గారు బడిపంతులుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి. ఆ వీధి మొహం ఎన్నడూ చూడలేదు. కంటితో చూడనిది కాగితం మీద పెట్టడు, చూసినదాన్ని వదిలిపెట్టడు.

ఈ పనికి ఒక నియమం ఉంది. ఏ వీధికి ఏ రోజు వస్తారో ఆ వీధివాళ్ళకి చెప్పకూడదు. బిరాబ్వా చెప్పింది. ఆ ఆదివారం అక్క ఇంట్లో ఉడికిన అరటికాయ, వేరుశనగ పులుసు తింటూ, నోరు ఊరుకోక చెప్పింది.

"అక్కా, వచ్చే సోమవారం తొమ్మిదింటికి వస్తున్నాం. నువ్వు రోజూ ఎలా వెళతావో అలాగే వెళ్ళు. లుబ్వామా నిన్నెత్తుకుంటుంటే మా ముగెర్వా గారు కళ్ళారా చూడాలి. అంతే. ఎంత తక్కువొస్తే అంత మంచిది మనకి."

"తక్కువొస్తేనా?"

"తక్కువొస్తేనే."

"వింతగా ఉందే మీ ఆఫీసు," అంది జవెద్దే. కానీ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసి బిరాబ్వా నియమం సంగతే మర్చిపోయింది.

మెరిసిన కళ్ళతో మనిషి ఊరుకుంటుందా? మంగళవారం జవెద్దే ఆ మాట పేట చైర్మన్ క్యెయునె గారి చెవిన వేసింది. సోమవారం నలుగురూ ఇళ్ళ దగ్గరుండి తమ కష్టాలు చెప్పుకుంటే బాగుంటుందని ఆమె ఉద్దేశం. చైర్మన్ గారికి మిగతాదేదీ వినపడలేదు. నగర కార్యాలయం నుంచి అతిథులు వస్తున్నారు, కివుందు వీధిని చూడడానికి! అదొక్కటే వినపడింది.

శనివారం తెల్లవారగానే మైకు పట్టుకుని వీధంతా తిరిగాడు. "బులుంగి బ్వాన్సి! గడపకొకరు రావాలి! పారలు తెండి, కొడవళ్ళు తెండి! రానివాళ్ళ పేర్లు ఇదే మైకులో చదువుతాను!" బులుంగి బ్వాన్సి అంటే ఊరి మేలు కోసం అందరూ కలిసి చేసే చాకిరీ. తాతల కాలంలో బావులు తవ్వినా, బాటలు వేసినా అలాగే వేసుకున్నారు. ఆ పిలుపు వచ్చాక ఇంట్లో కూర్చున్నవాడు మర్నాడు తలెత్తుకుని తిరగలేడు. రెండు రోజులు వీధి వీధంతా వంగి పనిచేసింది. మిగతా వారమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇరుగుపొరుగులు కూడా తట్ట అందించుకున్నారు.

ఈ సంగతేదీ బిరాబ్వాకి తెలియదు. ఆమె ఉండేది ఊరికి ఆ చివర.

సోమవారం తొమ్మిదింటికి టాక్సీ దిగి, వీధి మొదట్లో నిలబడి, వేరే వీధికి వచ్చామేమో అనుకుంది. గుంతల్లో ఎర్రమట్టి, ఇటుక ముక్కలు పోసి చదును చేశారు. రోడ్డు పక్కన గడ్డి కోసేసి, నాలుగడుగుల వెడల్పున బాట తీసి, రెండువైపులా సున్నం కొట్టిన రాళ్ళు పేర్చారు. చపాతీల బల్లలు, టమాటా గుట్టలు ఏవీ లేవు. కాలువ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా బల్లచెక్కలు. రోడ్డు దాటే చోట ఒకాయన ఎర్ర జెండా పట్టుకుని నిలబడి బోడాలని ఆపుతున్నాడు. అంతా స్నానాలు చేసి, చర్చికి వెళ్ళే బట్టలు వేసుకుని ఉన్నారు.

"ఆహా!" అన్నాడు ముగెర్వా గారు. "ఇలాంటి వీధి కూడా ఉందన్నమాట మన ఊళ్ళో!"

చైర్మన్ తెల్లటి పొడుగు అంగీ, కాంజు మీద కోటు తొడుక్కుని ఎదురొచ్చాడు. బిరాబ్వా ఆయన్ని పక్కకి లాక్కుపోయింది.

"ఇదంతా ఏమిటండీ? ఎవరు చెయ్యమన్నారు?"

"ఒకరు చెప్పాలా? ఇంటికి మనుషులొస్తుంటే వాకిలి ఊడ్చుకోమా?"

"బాబోయ్, తక్కువ మార్కులొస్తేనే రోడ్డేస్తారండీ! మా అక్క చెప్పలేదూ?"

"చెప్పింది, చెప్పింది." చైర్మన్ గారు హాయిగా నవ్వాడు. "నువ్వు ఏ బళ్ళో చదివావమ్మా? తప్పినవాడికి బహుమతి ఇచ్చే బడి నేనైతే చూళ్ళేదు. చేతకానివాళ్ళకి ఎవరైనా ఇస్తారా? మనం ఉన్నదాన్ని ఎంత బాగా చూసుకుంటామో చూస్తే, పాపం వీళ్ళకి సిమెంటు ఇచ్చినా దండగ కాదనుకుంటారు. నువ్వు రాసుకో, రాసుకో."

ఆయన మాటలో న్యాయం లేదని ఎలా అంటుంది? లోకంలో ఎక్కడైనా అంతే మరి. ఈ కాగితాల్లోనే తలకిందులు.

అప్పటికే ముగెర్వా గారు చక్రం దొర్లిస్తూ మొదలుపెట్టేశాడు. "కాలిబాట వెడల్పు, నాలుగు అడుగులు. రాసుకో అమ్మాయ్. అడ్డంకులు, లేవు. కాలువ మూత, ఉంది."

"అవి చెక్కలండీ. ఊరికే పరిచారు."

"చెక్కలే. కాగితంలో మూత ఉందా అని అడిగారు గానీ, దేంతో చేశారని అడగలేదే."

"మొన్నటిదాకా ఇవి లేవండీ."

ముగెర్వా గారు చక్రం ఆపి ఆమె వంక చూశాడు. "నీకెలా తెలుసు?"

"మా అక్క ఈ వీధిలోనే ఉంటుంది."

"అలాగా." ఆయన గొంతు కాస్త మారింది. "మనం వస్తున్నట్టు వీళ్ళకి ఎవరు చెప్పారో కూడా తెలుసా?"

నేనేనండీ అనాలి. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ రాలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, ఆ పెద్దాయన ముందు దొంగలా నిలబడాలన్న సిగ్గు ఇంకొకటి. కాగితం మీదికి తల వంచి, నాలుగు అడుగులు అని రాసుకుంది. ఆ క్షణం ఆమె నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు? విప్పలేదు.

అలా ఆలోచిస్తూనే ఏడో ముక్క దగ్గరికి వచ్చారు. అదే అక్క ఇల్లు. బిరాబ్వాకి ఒకే ఒక ఆశ మిగిలింది. అక్కని లుబ్వామా ఎత్తుకుంటాడు, ముగెర్వా గారు చూస్తాడు, చివరి ప్రశ్నకైనా సున్నా పడుతుంది.

తలుపు తెరుచుకుంది. జవెద్దే కుర్చీలో వచ్చింది. పండగలకి కట్టే నీలం గోమెసి కట్టుకుంది, నడుముకి మెరుపు పట్టీ. లుబ్వామా పక్కనే ఉన్నాడు గానీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాలువ మీద రెండు వెడల్పాటి చెక్కలు జోడించి, మేకులు కొట్టి, అంచులకి పట్టీలు కూడా వేశారు. శవపేటికలు చేసే వడ్రంగి స్వయంగా కొట్టిచ్చాడట.

జవెద్దే చక్రాల మీద చేతులు వేసింది. ఒక తోపు తోసింది. చెక్కలు కిర్రుమన్నాయి. నడిమధ్యలో ఒక్క క్షణం ఆగి, కింద పారుతున్న మురుగుని తొంగి చూసింది, దాని మీద గెలిచినట్టు. మరో తోపు. రోడ్డు మీదికి వచ్చేసింది.

వీధంతా చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళు ఉలులూ అని కేకలు పెట్టారు. లుబ్వామా భార్య అందరికన్నా గట్టిగా కేక పెట్టింది.

"ఎలా ఉన్నారు సెబో?" అంది జవెద్దే ముగెర్వా గారితో, మొహం వెలిగిపోతుండగా. "పెద్దల్ని ఆడవాళ్ళు మోకరించి పలకరించాలి, అలా చెయ్యలేదని ఏమీ అనుకోకండి. ఆ పని తప్ప ఇవాళ అన్నీ చేస్తాను."

పెద్దాయన కళ్ళు చెమర్చాయి. ఫోన్ తీసి ఆమెకి ఫోటో తీశాడు. తర్వాత బిరాబ్వా వైపు తిరిగి మెల్లగా, "చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఎవరి సాయమూ లేకుండా పోగలరా? చూశావుగా. అయిదు వెయ్యి," అన్నాడు.

పెన్ను బిరాబ్వా చేతిలో ఉంది. అక్క వంక చూసింది. జవెద్దే ఆమెకేసి చెయ్యి ఊపి, ఎవరి కోసమూ ఆగకుండా, మార్కెట్ వైపు కుర్చీ దొర్లించుకుంటూ పోతోంది. వెనక్కి పిలిచి, అక్కా, ఇలా రాకు, పో, మళ్ళీ వాడి భుజం ఎక్కి రా అని ఏ నోటితో చెబుతుంది? అయిదు వేసింది. చేతులారా వేసింది.

ఆ మధ్యాహ్నమే వడ్రంగికి పేటిక కావాలని ఎవరో వచ్చారు. ఏడుస్తూ వచ్చినవాళ్ళని ఆగమని ఎలా అంటాడు? మేకులు పీక్కుని తన చెక్కలు తను తీసుకుపోయాడు. అది చూసి మిగతావాళ్ళూ ఎవరి చెక్కలు వాళ్ళు పట్టుకుపోయారు. టమాటాల వాళ్ళు తిరిగొచ్చారు. గురువారం వాన కురిస్తే ఎర్రమట్టి కాలువలోకి పోయింది.

శుక్రవారం బిరాబ్వా ఇక ఉండబట్టలేక పై అధికారి నంతుమె గారి గదిలోకి వెళ్ళి, నిలబడే అంతా చెప్పేసింది. నేనే చెప్పానండీ, తప్పు నాది, ఆ వీధిని మళ్ళీ కొలిపించండి అంది.

నంతుమె చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. లేచి తలుపు మూసి వచ్చింది.

"చూడు బిరాబ్వా. నువ్వు చెప్పింది నేను విన్నాననుకో. ఆ కాగితాలు కొట్టెయ్యాలి. కొట్టేస్తే కివుందుకి అసలు మార్కులే ఉండవు. మార్కుల్లేని వీధి జాబితాలోనే ఉండదు. ఈ విడతలో మళ్ళీ కొలవడానికి గడువు దాటిపోయింది. నీ ఉద్యోగం పోతుంది, పాపం ఆ ముసలాయనదీ పోతుంది. మీ అక్కకి మాత్రం ఒక్క పలక రాదు."

"మరేం చెయ్యమంటారండీ?"

"ఏం చెయ్యాలో తెలిస్తే నేనే చేసేదాన్ని." ఆమె గొంతులో కోపం లేదు. అదే మరీ ఘోరం. "నేనేమీ వినలేదు. వెళ్ళు."

పై అధికారి తిట్టి ఉంటే బిరాబ్వా తిట్లు తిని కాస్త ఊపిరి పీల్చుకునేది. తిట్టేవాళ్ళు కూడా లేకపోయారు. మెట్లు దిగి వచ్చి రోడ్డు మీద నిలబడి, ఎటు పోవాలో తెలియక, ఒక గంట అలాగే నిలబడింది.

రెండు నెలల తర్వాత ఫలితాలు వచ్చాయి. నూట పన్నెండు వీధుల్లో కివుందుది పై నుంచి ఎనిమిదో స్థానం. కార్యాలయం వాళ్ళు అచ్చేసిన ఫలితాల పుస్తకం అట్ట మీద జవెద్దే ఫోటో, నీలం గోమెసిలో, చెక్కల మీద నవ్వుతూ. కింద, "అందరూ నడవగల వీధి" అని పెద్దక్షరాలు. చైర్మన్ ఆ అట్ట చింపి స్టేజీ దగ్గర గోడకి అంటించాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆమెకి అభినందనలు చెప్పారు. లుబ్వామా ఆమెని భుజాన వేసుకుని ఆ గోడ పక్కనించే తీసుకెళ్ళేవాడు.

సిమెంటు లారీ ఎప్పుడొస్తుందని చైర్మన్ నెలరోజులు ఎదురుచూశాడు. తర్వాత ఎవరో చదువుకున్నవాళ్ళు విషయం విడమరిచి చెప్పారు. ఆయన ఆ గోడ దగ్గరికి వెళ్ళడం మానేశాడు. ఎప్పుడైనా బిరాబ్వా ఎదురుపడితే తల దించుకునేవాడు. ఆమే అంతకన్నా ముందు దించుకునేది.

ఆ ఏడు వానలు ఎడతెరిపి లేకుండా కురిశాయి. లుబ్వామా వరసగా పదకొండు రోజులు రాలేకపోయాడు. పన్నెండో రోజు మార్కెట్ కమిటీ వాళ్ళు దుకాణం తాళం మార్చి, కుట్టుమిషన్ని బయట పెట్టి, మీద గోనెపట్టా కప్పి కబురు పెట్టారు.

బిరాబ్వా వెళ్ళి మిషన్ తెచ్చింది. కాలువ దగ్గర లుబ్వామా దాన్ని భుజానికెత్తుకున్నాడు. ఒక కాలు ఈ గట్టున, ఒక కాలు ఆ గట్టున వేసి, రొప్పుతూ దాటించాడు. జవెద్దే గుమ్మంలో కుర్చీలో కూర్చుని చూస్తోంది.

"మెల్లగా లుబ్వామా," అంది. "ఇంకేం, ఇహనుంచి నీ భుజానికి సెలవు. మీ ఆవిడకి చెప్పు, సంతోషిస్తుంది."

లుబ్వామా నవ్వలేదు. మిషన్ కిటికీ పక్కన దించి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు.

"ఇంట్లోనే కుట్టుకుంటాను," అంది జవెద్దే. "కావలసినవాళ్ళు వస్తారు."

కాలువ గెంతి గోమెసి కొలతలివ్వడానికి ఎవరొస్తారు? ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"అక్కా, నేను నోరు మూసుకుని ఉంటే..." అంది బిరాబ్వా. "ఆ అయిదు నేను..."

"ఊరుకోవే." జవెద్దే మిషన్ చక్రం మీద పట్టిన తుప్పుని గుడ్డముక్కతో తుడుస్తోంది. "నువ్వు అబద్ధం రాయలేదు. ముందురోజు సాయంత్రమే లుబ్వామా అన్నాడు, రేపు నేను ఎత్తుకుంటేనే మంచిదేమో జవెద్దే, మీ చెల్లెలు అలాగే చెప్పిందిగా అని. నాకూ గుర్తుంది. కానీ తలుపు తీసేసరికి ఎదురుగా చెక్కలు కనిపించాయి. పోవాలనిపించింది. అంతే."

బిరాబ్వా నేల మీద కూలబడి, అక్క ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. జవెద్దే ఒక చేత్తో ఆమె తల నిమురుతూ, రెండో చేత్తో చక్రం తిప్పి చూసింది. తిరగలేదు, కాస్త నూనె వెయ్యాలి అంది.